కుట్టనాటి కరినేల: కాలిన నేలయా, కుంటల నేలయా?

కేరళదేశమున వెంబనాటి కాయలును జేర్చికొని వ్యాపించిన పల్లపుసీమకుఁ గుట్టనాడని పేరు. పంపా, అచ్చంకోవిల్, మణిమల, మీనచ్చిల్ నదులు కొండలనుండి దిగి యచ్చటనే కాయలునఁ గలియుచున్నవి. అందలి మడులలోఁ బెక్కులు సముద్రమట్టమునకు రెండడుగులు మొదలుకొని యేడడుగులవఱకుఁ దగ్గుగా నున్నవి. అచ్చటి నేలలు కరప్పాడము, కాయల్, కరి యని మూఁడు తెగలు. ఈ వ్యాసమున మూఁడవదానిని గూర్చియు, దానినుండి పుట్టిన యొక యైతిహ్యమును గూర్చియు విచారింపఁబడును.

కరినేలలు అంబలప్పుళ, చేర్తల, వైక్కము ప్రాంతములందుఁ గలవు. ఆ మన్ను కాటుకవలె నల్లనిది. త్రవ్విన చోట్ల సగము క్రుళ్లి బొగ్గువలె నల్లబడిన మ్రాఁకుల దుంగలు బయలుపడుచుండును. మలయాళమునఁ గరి యనఁగా బొగ్గు, మసి. ఈ దుంగలను జూచియే కాఁబోలు, ఖాండవవన మచ్చటనే యుండెననియు, అగ్నిదేవుఁడు దానిని దహించెననియు, చుట్టనాడు, అనఁగాఁ గాలిన నాడు, కాలక్రమమునఁ గుట్టనాడయ్యెననియు జనులు చెప్పుకొందురు. ఈ కథను గ్రంథముచేతను, శబ్దముచేతను, నేలచేతను బరీక్షింపవలెను.

గ్రంథపరీక్షకుఁ బెద్ద శ్రమ లేదు. మహాభారతాదిపర్వమున ఖాండవము యమునకుఁ జేరువను, ఇంద్రప్రస్థప్రాంతమున నున్నట్లు స్పష్టముగాఁ గలదు. దానిని దక్షిణసముద్రతీరమునకుఁ దెచ్చుటకు భారతమునం దాధారము లేదు.

ఇఁక శబ్దము. ద్రావిడభాషలలోఁ గకారము చకారమగుట కలదు. కన్నడమున కివి, మనకును దమిళులకును జెవి. కన్నడమున గెయ్, తమిళమున చెయ్, మనకుఁ జేయు. అయినను ఈ మార్పు ఇకారైకారాది తాలవ్యాచ్చులు పరమగునపుడు చూపట్టునది. ఉకారము పరమగునపుడు కాదు. చకారము కకారమగుటకైతే నిట్టి నియమమే లేదు. పైఁగా మలయాళము నేఁటికిని గాల్చెనను నర్థమున 'చుట్టు' అని చకారముతోనే పలుకుచున్నది. ధాతువు మాఱక యుండఁగా, దేశనామమున మాత్రము మాఱెననుట యుక్తము గాదు. తొల్కాప్పియవ్యాఖ్యాతలు కొడుందమిళ మాడు నాఁడులు పండ్రెండని లెక్కించుచుఁ గుట్టనాటిని బేర్కొనిరి. అందును గకారమే యున్నది.

మఱి కుట్టమనఁగా నేమి? తమిళమునఁ గుట్టము లోఁతు, మడుఁగు. కుట్టై చిన్న చెఱువు. కుండు అను రూపమును ఆ యర్థముననే కలదు. మన కుంట, గుంట శబ్దము లీ కుదురువే. కావునఁ గుట్టనాడనఁగాఁ గుంటల సీమ యని మన చెవికి సులభముగా బోధపడును. సముద్రముకంటెఁ దగ్గైన నేలకు ఇంతకంటెఁ దగిన పేరు లేదు.

నేలయు ఈ యర్థమునకే సాక్ష్యమిచ్చుచున్నది. పూర్వము తీరమునఁ బెరిగిన చిత్తడియడవులు కూలి, నదులు తెచ్చిన యొండ్రునఁ బూడినవి. ఎల్లప్పుడును నీరు నిలిచిన చోట వాయువు చొరదు. వాయువు చొరని చోట మ్రాను పూర్తిగాఁ గ్రుళ్లదు. దుంగలు నల్లబడి నిలుచుటకు నీరే చాలును. నిప్పు నూహింపఁ బనిలేదు. ఆ బురదలోనే సముద్రజలపు గంధకము ఇనుముతోఁ గూడి ఖనిజమై దాఁగియున్నది. నీరు తీసి నేలను ఎండనిచ్చినచో, వాయువు సోఁకి యా ఖనిజము గంధకామ్లము నిచ్చును. ఏడు సమస్థితియగు ఆమ్లమానము నాలుగునకుఁ గ్రిందుగాఁ దిగుటయుఁ గలదు. ఇనుమును అల్యూమినియమును గరఁగి వరివేళ్లకు విషమగును. పైరు మాడిపోవును. కాలిన నేల యను మాటలో నీ యనుభవము కొంత చేరియుండవచ్చును.

ఆ సీమ కర్షకులు దీనికి విరుగుడు నెఱుఁగుదురు. గట్లు కట్టి, పూర్వము చక్రములు త్రొక్కియు, పిమ్మట మరలచేతను నీరు తోడి, పుంజపంట తీసి, వానకాలమున మడులను మరల నీటికి విడుతురు. ఆ నీరు నేలలోని పులుపును గడుగును. గుల్లసున్నమును జల్లుదురు. ఐక్యరాజ్యసమితికిఁ జెందిన ఆహారవ్యవసాయసంస్థ 2013లో ఈ సేద్యపద్ధతిని బ్రపంచ వ్యవసాయవారసత్వములలో నొకటిగా గుర్తించినది.

ఈ మర్యాద పాటింపని చోట నేమి జరుగునో బోర్నియోద్వీపమునఁ జూడవచ్చును. అచ్చటను దడి యాఱని వృక్షావశేషములే నేలయైనవి. 1995లో ఇండోనేసియా ప్రభుత్వము మధ్యకాలిమంతానులోఁ బదిలక్షల హెక్టారులను వరిసేద్యమునకుఁ దేఁదలఁచి, వేల కిలోమీటర్ల కాలువలు త్రవ్వించెను. నీరు పోయిన నేల యెండెను. 1997 నాఁటి యనావృష్టిలో నిప్పంటుకొని నేలయే నెలలకొలఁది రగిలెను. తలఁచిన వరి పండలేదు. ఆ యత్నము విడువఁబడెను.

కుట్టనాట నింతటి చేటు వాటిల్లలేదు గాని, నీటి నడక మాఱినది. వఱదను సముద్రమునకు విడుచుటకై 1955లోఁ దోట్టప్పళ్లి కట్టడమును, ఉప్పునీటి నాఁపుటకై 1970వ దశకమునఁ దణ్ణీర్ముక్కము కట్టయు నేర్పడినవి. ఉప్పు తగ్గి పంటకు మేలు కలిగెను. అయినను ఆటుపోటులచేత మడుఁగులు కడుగఁబడుట తగ్గినది. 2018 నాఁటి వఱదలో ఆ సీమ యంతయు మునిఁగినది.

కావున నీ నామవిచారమునకుఁ బ్రయోజనము కలదు. కాలిన నేల యనుకొన్నవానికి నీరు పగగాఁ దోఁచి, దానిని వెడలఁగొట్టుటయే యుపాయమనిపించును. కుంటల నేల యని యెఱిఁగినవాఁడు నీటిని ఎప్పుడు తోడవలెనో, ఎప్పుడు విడువవలెనో విచారించును. ఆ పేరు పెట్టిన ప్రాచీనులు నేల స్వభావమును సరిగానే గ్రహించిరి.