మైక్రోపైల్ పునాదులు

నేలలో సన్నని బోరు వేసి, ఉక్కు కడ్డీనో గొట్టాన్నో దింపి, సిమెంటు గ్రౌటుతో నింపితే ఏర్పడేది మైక్రోపైల్. దీని వ్యాసం సాధారణంగా 300 మిల్లీమీటర్ల లోపే. అడుగు వైశాల్యం చాలా తక్కువ కాబట్టి, భారమంతా దాదాపుగా గ్రౌటుకూ చుట్టూ ఉన్న మట్టికి లేదా రాతికీ మధ్య ఉండే పట్టు మీదే ఆధారపడుతుంది.

పుట్టుక

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇటలీలో ఎన్నో పాత కట్టడాలు దెబ్బతిన్న పునాదులతో మిగిలాయి. బరువైన సుత్తితో పైల్స్‌ను, అంటే పునాది స్తంభాలను, నేలలోకి దిగ్గొడితే ఆ అదురుకే గోడలు కూలే ప్రమాదం ఉంది. పైగా ఉక్కు కొరత. నేపుల్స్‌లోని ఫోండెడిలె సంస్థ ఇంజనీరు ఫెర్నాండో లిట్సీ దీనికి పరిష్కారంగా 1950ల ఆరంభంలో ‘పాలి రాదిచే’, అంటే వేరు పైల్స్‌ను రూపొందించాడు. సుమారు 100 మిల్లీమీటర్ల బోరు, నడుమ ఒకే కడ్డీ, చుట్టూ ఇసుక, సిమెంటు కలిపిన మోర్టారు: ఇదీ నిర్మాణం. బోరు పాత గోడను, పునాదిని తొలుచుకుంటూ నేలలోకి దిగుతుంది కాబట్టి పైల్ కట్టడంతో నేరుగా అతుక్కుంటుంది. నేపుల్స్‌లోని ఆంజుల్లి పాఠశాల తొలి ప్రయోగాల్లో ఒకటి. ఒక్కో పైల్‌కు 10 టన్నుల లోపు భారమే లెక్కగట్టినా, తొలి భార పరీక్షల్లో అది 40 టన్నులకు పైగా మోసింది.

విస్తరణ

1957 నుంచి ఈ పైల్స్‌ను వేర్వేరు కోణాల్లో వలలా అల్లి, జారే వాలు నేలలను కూడా నిలబెట్టసాగారు. 1962లో బ్రిటన్‌లో చారిత్రక భవనాల పునాదులను బలపరచడానికీ, 1965లో జర్మనీ నగరాల్లో భూగర్భ రవాణా పనులకూ ఈ పద్ధతిని తీసుకున్నారు. ఇరాక్‌లోని మోసుల్‌లో 12వ శతాబ్దపు అల్ హద్బా మినారును ఫోండెడిలె 1980ల ఆరంభంలో బలపరచింది. 2017లో పేల్చివేతకు గురయ్యేదాకా ఆ మినారు నిలిచే ఉంది.

అమెరికాకు ఈ పద్ధతి 1973లో చేరినా వెంటనే వేళ్లూనలేదు. అక్కడ ఉక్కు చౌక, కూలి ఖరీదు కావడంతో దిగ్గొట్టే పైల్సే లాభసాటిగా ఉండేవి. ఇరుకైన పాత నగరాల్లో పనులు పెరిగాక, 1980ల మధ్య నుంచి పరిస్థితి మారింది. 1989 లోమా ప్రియేటా భూకంపం తర్వాత వంతెనల పునాదులను పటిష్ఠం చేయడంలో మైక్రోపైల్స్ ముందుకొచ్చాయి. అక్కడి రహదారుల సంస్థ ఫెడరల్ హైవే అడ్మినిస్ట్రేషన్ 2000లో డిజైన్ మార్గదర్శకాలు ప్రచురించింది.

నేటి వినియోగం

మరమ్మతు కోసం పుట్టిన ఈ పద్ధతి నేడు కొత్త భవనాలకూ ఉపయోగపడుతోంది. పెద్ద బండరాళ్లు, గుహలున్న సున్నపురాయి, బోరు వేసే పెద్ద రిగ్గు పట్టని ఇరుకు స్థలాలు దీనికి అనువైనవి. చిన్న రిగ్గులతో సెల్లార్లలోనూ పని సాగుతుంది. బలమైన ఉక్కు గొట్టాలు, పీడనంతో గ్రౌటు ఎక్కించే విధానాలు రావడంతో మంచి రాతిలో ఒక్కో పైల్ వంద టన్నులకు మించి మోయగలుగుతోంది.

పరిమితులూ ఉన్నాయి. సన్నగా ఉండటం వల్ల అడ్డంగా వచ్చే బలాలకు దీని తట్టుకునే శక్తి తక్కువ. మరీ మెత్తని మట్టిలోనూ, భూకంపంలో ద్రవంలా మారే ఇసుకలోనూ వంగిపోవచ్చు. ఉక్కుకు తుప్పు పట్టకుండా రక్షణ అవసరం. బోరు లోపల పని కంటికి కనిపించదు కాబట్టి, భార పరీక్ష చేయకుండా ఈ పునాదిని నమ్మడం క్షేమం కాదు.