నేతిగిన్నె పాఠం

మన పెళ్ళి పంక్తిలో కూర వడ్డించేవారు కూర, పులుసు వడ్డించేవారు పులుసు చూసుకుంటారు. నేతిగిన్నె పట్టుకున్నాయన మాత్రం ప్రతి విస్తరి దగ్గరా ఆగాలి. సాఫ్ట్‌వేర్‌లోనూ అలాంటి పనులున్నాయి. ఎవరు ఏం మార్చారో నమోదు చేయడం, అనుమతులు చూడడం వంటివి ఏ ఒక్క భాగానికీ చెందవు, అన్నిట్లోనూ దూరతాయి.

ఈ కథలో కొంత నేనుంటున్న జర్మనీలోనే జరిగింది. 1968 అక్టోబరులో ఆల్ప్స్ పాదాల దగ్గర గార్మిష్‌లో నాటో సమావేశం జరిగింది. మ్యూనిక్ ప్రొఫెసర్ ఫ్రీడ్రిష్ బావర్ దానికి సారథి. ‘సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్’ అన్న మాట ఆ సభతోనే ప్రచారంలోకి వచ్చింది. ఆ సభలో పాల్గొన్న డైక్‌స్ట్రా, ఒక్కో విషయాన్ని విడదీసి ఆలోచించాలని 1974లో రాశారు. 1997లో అమెరికాలోని జెరాక్స్ పార్క్‌లో గ్రెగర్ కిజాలెస్ బృందం నేతిగిన్నె పనులను ‘ఆస్పెక్ట్’ పేరుతో వేరుగా రాసే పద్ధతి చూపింది. 2006 మార్చిలో ఈ విద్యపై అంతర్జాతీయ సదస్సు బాన్‌లో జరిగింది.

ఆ రోజుల్లో నేనూ దీని మోజులో ఉన్నాను. ‘సేవ్’తో మొదలయ్యే ప్రతి ఫంక్షన్‌నూ నమోదు చెయ్యమని ఒక నియమం రాశాను. కొన్నాళ్ళకు ఒక ఫంక్షన్ పేరు ‘స్టోర్’ అని నేనే మార్చాను. కంపైలర్ కిమ్మనలేదు, టెస్టులన్నీ పాసయ్యాయి. మూడు వారాల తర్వాత ఆడిటర్ లెక్కలడిగితే ఆ మార్పుల జాడే లేదు! అరిటాకుకే నెయ్యి వెయ్యమన్నాను, కాగితం ప్లేటు ముందు కూర్చున్నవారికి అందలేదు. తప్పు వడ్డించినవాడిది కాదు, నియమం రాసిన నాది.

ఈ జబ్బుకు పేరు అప్పటికే ఉంది: ‘పెళుసు పాయింట్‌కట్’. పాసౌ విశ్వవిద్యాలయానికి చెందిన కొప్పెన్, స్టోర్జర్ 2004లోనే దీనికి మందు సూచించారు. కోడ్ మార్చకముందు నియమం ఎక్కడెక్కడ తగిలింది, మార్చాక ఎక్కడ తగులుతోంది, రెండు జాబితాలూ పోల్చి చూడమన్నారు. ఒక భాగాన్ని చదివితే దాని ప్రవర్తన పూర్తిగా తెలియకపోతే ఇక విడదీసి లాభమేమిటని హాగెన్ ప్రొఫెసర్ స్టైమన్ 2006లో నిలదీశారు.

అప్పటినుంచి నేను మూడు కట్టుబాట్లు పాటిస్తున్నాను. పేరును నమ్మను, ఫంక్షన్ మీదే స్పష్టంగా గుర్తు పెడతాను. మార్పు చేసినప్పుడల్లా జాబితాలు పోలుస్తాను. ఆస్పెక్ట్ నిజంగా పనిచేసిందా అని విడిగా టెస్టు రాస్తాను.

మన పెద్దలకు ఇది ఎప్పుడో తెలుసు. వడ్డన సాగుతుంటే ఒక పెద్దాయన పంక్తి పొడుగునా నడుస్తూ, “అందరికీ నెయ్యి అందిందా?” అని అడుగుతూనే ఉంటాడు కదా!