అంతర్ముఖత్వం

అంతర్ముఖత్వం అనగా బాహ్య ప్రపంచం కంటే తన ఆలోచనలు, అనుభూతుల వైపే మనసు ఎక్కువగా మొగ్గే స్వభావం. దీనికి వ్యతిరేక లక్షణం బహిర్ముఖత్వం. స్విట్జర్లాండుకు చెందిన మనోవైద్యుడు కార్ల్ యూంగ్ 1921లో జర్మను భాషలో ప్రచురించిన గ్రంథం ద్వారా ఈ భావనలు ప్రచారంలోకి వచ్చాయి. చాలామంది స్వభావం ఈ రెండింటికీ నడుమ ఉంటుంది.

అంతర్ముఖులు పుస్తక పఠనం, రచన వంటి వ్యాపకాలతో ఏకాంతంలో సేదతీరుతారు. పెద్ద సమూహాల కంటే ఒకరిద్దరు ఆప్తులతో సంభాషణను ఇష్టపడతారు.

బిడియంతో భేదం

బిడియస్థులు నలుగురితో కలవాలని ఉన్నా, ఎవరేమనుకుంటారోనని జంకుతారు. అంతర్ముఖులు జంకు లేకున్నా ఏకాంతాన్ని కోరుకోవచ్చు. ఏకాంతం కోరి ఎంచుకున్నది. ఒంటరితనం తోడు లేదన్న వేదన. అంతర్ముఖత్వం వ్యాధి కాదు. కనుక తరగతిలో మౌనంగా ఉండే పిల్లలను మందమతులుగా భావించడం పొరపాటు. ఆలోచించుకొనే వ్యవధి ఇచ్చినా, జవాబు వ్రాయమన్నా వారి ప్రతిభ తెలియగలదు.