పొగగొట్టం లేని ఇల్లు

అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలో ప్రవేశించిన 1917లో, సైన్యంలో చేరేవారి తెలివితేటలను కొలిచే బాధ్యతను మనోవైజ్ఞానికుడు రాబర్ట్ యెర్కీస్ చేపట్టాడు. ఇంగ్లీషు చదవగలిగినవారికి ‘ఆల్ఫా’ అనే రాతపరీక్ష, చదవలేనివారికి ‘బీటా’ అనే బొమ్మల పరీక్ష సిద్ధమయ్యాయి. రెండూ కలిపి 17 లక్షల మందికి పైగా పరీక్షించారు. బొమ్మకు భాషాభేదం లేదని ఆనాటి నమ్మకం.

బీటాలో ఒక భాగం, బొమ్మలో లోపించినదానిని గుర్తించి గీయడం. వల లేని టెన్నిస్ కోర్టు, పొగగొట్టం లేని ఇల్లు అటువంటివి. సిసిలీ నుంచి వచ్చిన ఒక సైనికుడు ఆ ఇంటికి పొగగొట్టం బదులు శిలువ గీశాడు. అతని స్వదేశంలో ఇంటిపై శిలువ ఉండే చోటనే గీశాడు. జవాబు తప్పన్నారు. మన పెంకుటిళ్ళలోనూ పొగ పెంకుల సందుల నుంచే పోయేది. మన తాతలకైనా ఆ బొమ్మలో లోపం కనిపించి ఉండేది కాదు.

ఇది కేవలం మార్కుల విషయం కాదు. దక్షిణ, తూర్పు ఐరోపా ప్రజలు బుద్ధిలో తక్కువవారని ఈ ఫలితాల ఆధారంగా కార్ల్ బ్రిగ్‌హామ్ 1923లో గ్రంథం రాశాడు. 1924లో ఆ ప్రాంతాల నుంచి వలసలను తీవ్రంగా కుదించే చట్టం వచ్చింది. చట్టానికి పరీక్షలే కారణమనలేము గాని, అప్పటి దురభిప్రాయాలకు అవి శాస్త్రమనే ముసుగు తొడిగాయి. 1930లో బ్రిగ్‌హామే తన నిర్ధారణలు నిరాధారమని ఒప్పుకున్నాడు. చట్టం మాత్రం అప్పట్లో రద్దు కాలేదు.

తరువాత బొమ్మలు బుద్ధిని దాటి మనసును పరిశీలించసాగాయి. హార్వర్డ్‌లో క్రిస్టియానా మోర్గన్, హెన్రీ మర్రే 1935లో ఒక పద్ధతిని వెల్లడించారు. బొమ్మ చూపి కథ చెప్పమంటారు. ఆ కథలో చెప్పేవారి ఆశలు, భయాలు బయటపడతాయని భావం. ఒక బొమ్మలో బల్ల ముందు కూర్చుని ఫిడేలును చూస్తున్న బాలుడు. మరొకదానిలో గుర్రంతో పొలం పనిచేసే రైతు. ఎడ్లతో దున్నే ఊరి మనిషికి అది పరాయి లోకం.

1949లో చార్లెస్ థాంప్సన్ ఈ బొమ్మలలోని మనుషులను నల్లజాతివారిగా తిరిగి గీయించాడు. నల్లజాతి అమెరికన్లు అప్పుడు మనసు విప్పి మాట్లాడతారని ఆయన ఆశ. తరువాతి పరిశోధనలు ఆయనను ఏకగ్రీవంగా సమర్థించలేదు. ఒంటిరంగు మార్చినంత మాత్రాన బొమ్మ స్వంతం కాదన్నమాట. మన దేశంలో ఉమా చౌధురి రూపొందించిన భారతీయ రూపాంతరం 1960లో కలకత్తాలో వెలువడింది.

అయితే బొమ్మను మార్చడం సగం పని మాత్రమే. జవాబును తూచే తూనికరాళ్ళు కూడా మారాలి. తండ్రి మాట కాదనలేక తన కోరికను విడిచిన యువకుని కథ ఎవరైనా చెబితే, ఒక సమాజం దానిని బలహీనత అంటుంది, మరొకటి మర్యాద అంటుంది. ఇక్కడివారు చెప్పే కథల సాధారణ తీరు తెలియకుండా అసాధారణమేదో నిర్ణయించలేము.

కనుక మీ బిడ్డకు గాని, పెద్దవారికి గాని ఇటువంటి పరీక్ష జరిపితే రెండు ప్రశ్నలు నిస్సంకోచంగా అడగండి. పరీక్ష వారి స్వంత భాషలో జరిగిందా? ఫలితాన్ని ఎవరితో పోల్చారు? ఒక్క పరీక్షతోనే వ్యాధి నిర్ణయం చేస్తే అంగీకరించవద్దు. ఆ సైనికుని శిలువ తప్పు కాదు. అది అతని ఇల్లు.