ప్రాణహిత ఒప్పందాలు: అంతర్రాష్ట్ర బేరంలో ఎన్నికలు, శాసనసభ

రాష్ట్ర ప్రభుత్వాల నడుమ జరిగే జలసంప్రదింపుల్లో, చర్చల గదిలో లేనివారి మాటే ఒక్కొక్కప్పుడు ఎక్కువగా చెల్లుతుంది. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా తుమ్మిడిహట్టి వద్ద ప్రాణహితపై తలపెట్టిన బ్యారేజీ చరిత్ర ఇందుకు నిదర్శనం. నది ఆవలి ఒడ్డు మహారాష్ట్ర. ముంపు గడ్చిరోలి, చంద్రపూర్ జిల్లాలది, నీరు తెలంగాణది. భూమి కోల్పోయే రైతు ఒక శాసనసభకు ఓటు వేస్తాడు, నీరందుకొనే రైతు మరొక దానికి.

2012 మే 5న కిరణ్‌కుమార్ రెడ్డి, పృథ్వీరాజ్ చవాన్ ప్రభుత్వాలు ఒప్పందం చేసుకొన్నాయి. రెండూ కాంగ్రెస్ ప్రభుత్వాలే. అయినా 152 మీటర్ల నీటిమట్టానికి మహారాష్ట్ర ముంపు కారణంగా అభ్యంతరం చెబుతూనే వచ్చింది. ఆ ఒప్పందం 152 మీటర్లను ఖరారు చేసిందా లేదా అన్నదే తరువాత తెలంగాణ పార్టీల నడుమ వివాదమైంది. ఇరుచోట్లా ఒకే పార్టీ ఉంటే తగవు తీరుతుందన్న సామాన్యాభిప్రాయం ఇక్కడ నిలవదు. 2014 ఎన్నికల్లో రెండు చోట్లా అధికారం మారింది. 2016 ఆగస్టు 23న ముంబైలో, వేర్వేరు పార్టీలకు చెందిన కె. చంద్రశేఖర రావు, దేవేంద్ర ఫడ్నవీస్ ప్రభుత్వాలు తుమ్మిడిహట్టికి 148, అప్పటికి కరీంనగర్ జిల్లాలో ఉన్న మేడిగడ్డకు 100, పెన్‌గంగపై చనాకా-కొరాటాకు 213 మీటర్ల మట్టాలను అంగీకరించాయి.

ఇంట ఒప్పించవలసినవారు ఎక్కువైన ప్రభుత్వానికి బయట బేరమాడే బలం పెరగవచ్చునని రాబర్ట్ పట్నం 1988లో దౌత్యాన్ని గురించి ప్రతిపాదించాడు. మహారాష్ట్ర వైఖరికి ఇది సరిపోతుంది. అయితే పట్నం చెప్పిన శాసనసభామోదం అనే మెట్టు ఇక్కడ లేదు. అంతర్రాష్ట్ర జల ఒప్పందానికి సభ ఆమోదం తప్పనిసరి కాదు. 2016 మార్చి 8న ముంబైలో ప్రాథమిక అంగీకారం కుదిరింది. మార్చి 31న ముఖ్యమంత్రి తెలంగాణ శాసనసభలో తెరపై పటాలు చూపుతూ కొత్త ప్రణాళికను వివరించారు. కాంగ్రెస్ సభ్యులు హాజరు కాలేదు. సభ విన్నదే గాని నిర్ణయించలేదు.

నష్టం ఎవరి వాటాకు వచ్చిందన్నది అసలు ప్రశ్న. ప్రధాన మళ్లింపు మేడిగడ్డకు తరలింది. తుమ్మిడిహట్టి తూర్పు ఆదిలాబాద్‌కు పరిమితమై, కాగితంపైనే మిగిలింది. 2014లో కరీంనగర్‌లోని 13 స్థానాల్లో 12 అధికార పక్షానివి. తుమ్మిడిహట్టి ఉన్న సిర్పూర్‌లో గెలిచింది బహుజన సమాజ్ పార్టీ అభ్యర్థి, ఆయన తరువాత అధికార పక్షంలో చేరారు. స్థలమార్పుకు ఇదే కారణమనడం తొందరపాటే. కాని సభలో సిర్పూర్ పక్షాన గట్టి ప్రతిఘటన లేకపోయిందన్న మాట తోసిపుచ్చరానిది.

2023 అక్టోబరు 21న, ఎన్నికల ప్రచారం నడుమ, మేడిగడ్డ పియర్లు కుంగాయి. డిసెంబరులో అధికారానికి వచ్చిన కాంగ్రెస్ ప్రభుత్వం తుమ్మిడిహట్టిని మళ్లీ చర్చకు తెచ్చింది. 148 మీటర్లకు మించిన మట్టం కావాలంటే గడ్చిరోలి, చంద్రపూర్ ముంపు ప్రశ్నతో మరల ముంబైకే వెళ్లవలసి ఉంటుంది.