మోకు, ముస్తాదు: గీత కార్మికుని ఆరోహణ సాధనాలు

కొమ్మలు లేని చెట్టును ఎక్కి, దాని తలలో పనిచేసి, తిరిగి దిగడానికి తెలుగునాట తరతరాలుగా వాడుకలో ఉన్న ప్రధాన సాధనం మోకు. చెట్టు మానును, ఎక్కేవాని నడుమును కలిపి చుట్టే బలమైన వలయమిది. కత్తులు, లొట్టి తగిలించుకొనే నడుముకట్టును ముస్తాదు అంటారు. ముత్తాదు అనే ఉచ్చారణ కూడా ఉంది. రెండు పాదాలను దగ్గరగా పట్టి ఉంచే బంధం మూడవది. ఈ వృత్తి చేసేవారు తెలంగాణలో ప్రధానంగా గౌడలు, గోదావరి జిల్లాల్లో శెట్టిబలిజలు, ఉత్తరాంధ్రలో యాత, శెగిడి, శ్రీశయన కులస్థులు, రాయలసీమలోను కర్ణాటకలోను ఈడిగలు. పేర్లు వేరైనా చెట్టు ఒకటే, దానితోపాటు భయమూ ఒకటే.

మోకు పనిచేసే తీరును సరిగా గ్రహిస్తే తప్ప ప్రమాదం ఎక్కడుందో బోధపడదు. ఎక్కేవాడు వెనక్కు వాలి తన బరువును మోకుపై వేస్తాడు. ఆ వాలు వల్ల పాదాలు మానుకు గట్టిగా అదుముకుంటాయి. ఆ ఒత్తిడి నుంచి పుట్టే రాపిడే మనిషిని నిలబెడుతుంది. తరువాత నడుమును క్షణకాలం చెట్టువైపు తెచ్చి, వదులైన మోకును పైకి ఎగరవేసి, మళ్ళీ వాలి, పాదాలను పైకి జరుపుకుంటాడు. అంటే ప్రతి అడుగులోనూ మోకు ఒకసారి వదులు కావలసిందే. సరిగా ఆ క్షణంలోనే కాలు జారితే మోకు బిగియదు, మనిషితోపాటు మాను వెంట కిందికి జారుతుంది. తాడు తెగడం వల్లనే మనిషి పడతాడని చాలామంది అనుకుంటారు. తాడు చెక్కుచెదరకుండా ఉండగానే పడడానికి అవకాశముందన్నది అసలు సంగతి. మోకు ఎక్కడానికి సాయపడే సాధనమే కాని, పడేవానిని ఆపే సాధనం కాదు.

తాటిచెట్టు ముప్పై మీటర్ల వరకు ఎదుగగలదు. కల్లు ధార ఆగకుండా ఉండాలంటే గెలను పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పలుచగా చెక్కవలసి ఉంటుంది. పది చెట్లు గీసేవాడు రోజుకు ఇరవైసార్లు ఎక్కి దిగాలి. ఒక్కొక్కటి పదిహేను మీటర్లనుకున్నా మూడు వందల మీటర్ల ఎక్కుడు, అంతే దిగుడు. వాన తడిసిన మాను, హఠాత్తుగా వీచే గాలి, మట్టల మధ్య కందిరీగల తుట్టె, చెట్టును ఆనుకొని పోయే కరెంటు తీగ, వీటిలో ఏ ఒక్కటైనా చాలు. తాటిమట్టల అంచులకు రంపపు పళ్ళవంటి కరుకు ఉంటుంది. తలలోకి చేరడానికి మోకును వదలవలసి వచ్చినప్పుడు ఆ మట్టలే ఆధారం.

యానాం, కోనసీమ ప్రాంతాల్లో కొబ్బరికాయలు దించే దింపు కార్మికులదీ ఇదే ముప్పు. కేరళలో కొబ్బరి ఎక్కేవారు కరవై, నేర్పరులను తయారుచేయడానికి కొబ్బరి అభివృద్ధి బోర్డు 2011లో ప్రత్యేక శిక్షణ ప్రారంభించింది. అక్కడ కాళ్ళతో తొక్కుతూ ఎక్కే ఇనుప యంత్రాలు వ్యాపించాయి. వంకర మానుకు, మాటిమాటికీ చెట్టు మారే గీతపనికి అవి అంతగా నప్పవు.

విదేశాల్లో చెట్లు నరికి, కొమ్మలు కత్తిరించే వృత్తి నిపుణులు ఈ సమస్యను రెండవ తాడుతో పరిష్కరించుకున్నారు. వారి తాడులో లోపల బరువు మోసే పోగుల గుజ్జు, పైన దానిని కాపాడే అల్లిక తొడుగు ఉంటాయి. మందం సుమారు పదకొండు నుంచి పదమూడు మిల్లీమీటర్లు. తొడలను, నడుమును పట్టే పట్టీల కూర్పుకు దానిని తగిలిస్తారు. బరువు పడగానే బిగిసి, బరువు తీయగానే వదులయ్యే ముడి దీనికి కీలకం. ఆస్ట్రియా పర్వతారోహకుడు కార్ల్ ప్రూసిక్ 1931లో లోకానికి పరిచయం చేసిన ముడి ఇటువంటిదే. కత్తి, రంపం పట్టి పనిచేసేటప్పుడు ఒకే తాడుపై ఆధారపడరాదన్నది వారి నియమం. వాడియైన గీతకత్తి నడుము తాడుకు జానెడు దూరంలో ఆడే మన గీతపనికి ఈ నియమం మరింత అవసరం.

కొమ్మలేని తాటికి తాడును పైన వేలాడదీసే వీలు లేదు. అందువల్ల మానును చుట్టి, లాగినకొద్దీ ఉచ్చులా బిగిసే తాడే దీనికి తగినది. తెలంగాణ ప్రభుత్వం 2024 జూలై 14న రంగారెడ్డి జిల్లా అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో గీత కార్మికులకు రక్షణ కిట్ల పంపిణీని ప్రారంభించింది. గౌడల కులదైవం కాటమయ్య పేరునే వాటికి పెట్టారు.

కిట్టు చేతికి వచ్చినంత మాత్రాన పాత అలవాటు పోదు. ప్రతి చెట్టు దగ్గర పట్టీలు, కొక్కేలు సరిచూసుకోవడానికి పట్టే కొద్ది నిమిషాలు ఇరవై ఎక్కుళ్ళకు గంటకు పైగా అవుతాయి. పొద్దెక్కితే కల్లు పులుస్తుంది. దీనిని సోమరితనమనడం అన్యాయం. సాధన చేసినకొద్దీ ఆ సమయం తగ్గుతుంది కనుక శిక్షణ ఒక్క రోజుతో ముగియరాదు. సంఘ సభ్యత్వమో, చెట్టు లైసెన్సో లేనివారికి ప్రమాదం తరువాత పరిహారం దక్కడం కష్టం. కాబట్టి ఆ కాగితాలనూ కిట్టుతోపాటే చూసుకోవాలి.

నైలాన్ తాడు ఎండకు బలం కోల్పోతుంది, రాపిడి వేడికి కరుగుతుంది. తొడుగు చిరిగిన తాడును, ఒకసారి పడిన మనిషి బరువును హఠాత్తుగా ఆపిన తాడును మళ్ళీ వాడరాదు. పడి ఆగినవాడు పట్టీల్లో కదలకుండా చాలాసేపు వేలాడితే రక్తం కాళ్ళలో నిలిచి స్పృహ తప్పవచ్చు, ప్రాణానికే ముప్పు రావచ్చు. అందుకే దించే ఏర్పాటు ముందుగానే ఉండాలి. గీత కార్మికుడు తెల్లవారుజామున తరచు ఒంటరిగానే తాటివనానికి వెళ్తాడు. పిలిస్తే పలికే దూరంలో, అదే కిట్టు వాడడం తెలిసిన మరొకడు చెట్టు గీస్తూ ఉండేలా ఇద్దరిద్దరుగా పూటలు కుదుర్చుకోవడం ఖర్చు లేని ఏర్పాటు.