సంజ్ఞానాత్మక ప్రవర్తనా చికిత్స

విషాదము, భయము, ఆందోళనము మున్నగు మనోవ్యథలకు సంభాషణముచేతను, రోగి స్వయముగా చేయు సాధనచేతను ఉపశమనము కల్పించు మానసిక చికిత్సా పద్ధతి. వైద్యశాలలలో దీనిని సి.బి.టి. యను పొడి యక్షరములతోనే వ్యవహరింతురు. సంఘటనము కంటె దానికి మనుష్యుడు తనలో చెప్పుకొను అర్థమే దుఃఖమును పెంచుననియు, ఆ యర్థమును, దానినుండి పుట్టు నడవడిని పరీక్షించి సవరించుకొన్నచో బాధ తగ్గుననియు ఇందలి మూలసూత్రము.

దీని పుట్టుకను గూర్చి భిన్నాభిప్రాయములు కలవు. 1955 ప్రాంతమున న్యూయార్కులో హేతుబద్ధ చికిత్స నారంభించిన ఆల్బర్ట్ ఎల్లిస్ (1913–2007) ఆద్యుడని కొందరును, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున మనోవైద్యుడైన ఆరన్ బెక్ (1921–2021) 1963, 1964 సంవత్సరములలో ప్రకటించిన వ్యాసములే ఆరంభమని మరికొందరును చెప్పుదురు. కాలమున ఎల్లిసే ముందువాడైనను, వ్యాధితీవ్రతకు కొలమానము నేర్పరచి, ఫలమును ఔషధముతో సరిపోల్చి చూచుటకు పూనుకొన్నవాడు బెక్ కావున, నేటి రూపమునకు ఆయననే కర్తగా గ్రహించుట యుక్తముగా తోచుచున్నది. ప్రవర్తనాంశము మాత్రము వీరిరువురికంటెను ప్రాచీనము. కుందేలన్న భయపడు బాలుని భయమును మేరీ కవర్ జోన్స్ క్రమక్రమముగా పోగొట్టిన వృత్తాంతము 1924 నాటిది.

ఫ్రాయిడ్ సంప్రదాయమున శిక్షితుడైన బెక్, తనపై తానే మరల్చుకొన్న క్రోధము విషాదరోగుల స్వప్నములలో గోచరించునని తలచి పరిశోధింపగా, దానికి బదులు పరాజయము, నష్టము, తిరస్కారము పదేపదే కనబడినవి. పిలువకయే వచ్చి, విచారణ లేకయే నమ్మబడు కొన్ని తలపులు రోగికి తన్ను, లోకమును, భవిష్యత్తును చీకటిగనే చూపుచుండునని ఆయన నిర్ణయించెను. విషాదమును కొలుచుటకు ఆయన 1961లో ప్రకటించిన 21 అంశముల ప్రశ్నావళి తరువాతి రూపములలో నేటికిని వాడుకలో నున్నది.

పరీక్ష తప్పిన విద్యార్థి యొకడు తానెందుకును పనికిరానని తలచి, గది విడిచి రాక, మిత్రులను కలియక, నిద్రాహారములు క్రమము తప్పి నీరసించి, ఆ నీరసమునే తన యసమర్థతకు మరియొక నిదర్శనముగా గ్రహించును. ఇట్లు తలపు నడవడిని, నడవడి తలపును పోషించుటచే బాధ స్థిరపడును. చికిత్సకుడు అతనిని పొగడడు. ఓదార్పు మాటలతో సరిపుచ్చడు. ఆ తలపునకు అనుకూలమైన సాక్ష్యమేది, ప్రతికూలమైనదేది యని ఇరువురును కాగితముపై వ్రాసి విచారింతురు. తనతో నెవరును మాటలాడరని రోగి నమ్మినచో, ఇద్దరు మిత్రులకు ఫోను చేసి ఏమి జరుగునో చూచి రమ్మని చికిత్సకుడు నియోగించును; చిన్న పనులను గంటలవారీగా నిర్ణయించి, అవి చేసిన పిదప మనస్సెట్లున్నదో గుర్తింపజేయును. శుభమే తలపవలెనను ఉపదేశముగా దీనిని వర్ణించుట సరికాదు. తలపు నిజమా కాదా యనునదే యిచ్చట విచార్యము. గుండెదడను మరణసూచనగా భ్రమించుటయే ఆకస్మిక భయోద్రేకమునకు మూలమని ఆక్స్‌ఫర్డులో డేవిడ్ క్లార్క్ 1986లో ప్రతిపాదించెను. రోగిచే వేగముగా శ్వాస తీయించి, ఆ దడ ప్రాణాపాయకరము కాదని అనుభవపూర్వకముగా తెలుపుట ఆ చికిత్సలో నొక భాగము.

చికిత్స సాధారణముగా వారమునకొక సమావేశము చొప్పున కొన్ని నెలలు సాగును. నిద్రలేమికిని దీనిని వాడుదురు.

రష్, బెక్ ప్రభృతులు 1977లో 41 మంది విషాదరోగులపై జరిపిన పరీక్షలో ఈ చికిత్స ఇమిప్రమిన్ అను ఔషధమును మించినట్లు ప్రకటించిరి. ఔషధమును ముగింపునకు ముందే తగ్గించుటచే ఆ పోలిక సమముగా లేదని విమర్శ కలదు. తలపులను దిద్దు భాగమును విడిచి, పనులలో ప్రవేశపెట్టు భాగము నొక్కదానినే వాడినను ఫలము తగ్గలేదని జాకబ్సన్ బృందము 1996లో తెలిపినది. దీనినిబట్టి తలపుల విచారణ వ్యర్థమనుట తొందరపాటు. ఆచరణము లేని విచారణ చాలదనుట మాత్రము న్యాయము.

ఉపఖండమున రెండు ప్రయత్నములు గణనీయములు. రావల్పిండి ప్రాంత గ్రామములలో గర్భిణులకు, బాలింతలకు గ్రామారోగ్య కార్యకర్త్రులచే ఈ పద్ధతిని అతీఫ్ రహమాన్ బృందము చేయించి, సత్ఫలితములను 2008లో ప్రకటించెను. గోవా ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో వైద్యులు కాని సలహాదారులచే విక్రం పటేల్ బృందము జరిపించిన ఆచరణప్రధాన చికిత్సాఫలితములు 2017లో వెలువడినవి. మనోవైద్యులు కొఱవడిన మన గ్రామములకు ఈ మార్గమే అనుసరణీయము.

ఆత్మహత్యాలోచనలు కలవారు దీనిని పుస్తకము చూచి స్వయముగా సాధన చేయక, వెంటనే వైద్యుని చేరవలెను. 2022లో భారత ప్రభుత్వము స్థాపించిన టెలిమానస్ సేవ 14416 సంఖ్యపై ఉచితముగా లభించును.